కాటా చీటీ, పాత ఫోన్లో వీడియో: అప్పీల్లో కొత్త సాక్ష్యం నిలుస్తుందా?

ప్రశ్న: నమస్కారమండి. మాది సఖినేటిపల్లి మండలంలో ఓ ఊరు. 2021 సెప్టెంబరు 13 రాత్రి మా ఊరి కాలువ గట్టు మీద ఒకాయన్ని కొట్టి చంపేశారు. ఆయనకీ మా తమ్ముడికీ చెరువు నీళ్ల దగ్గర తగువుందని ఊరందరికీ తెలుసు. రాత్రి 11 గంటలప్పుడు ఇద్దర్నీ గట్టు మీద చూశానని టీ కొట్టాయన కోర్టులో చెప్పాడు. 2023 నవంబరులో అమలాపురం సెషన్స్ కోర్టు తమ్ముడికి జీవిత ఖైదు వేసింది. రాజమండ్రి సెంట్రల్ జైల్లో ఉన్నాడు. 2024 జనవరిలో హైకోర్టులో అప్పీలు వేశాం, ఇంకా విచారణకు రాలేదు. ఆ రాత్రి వాడు నరసాపురం అవతల ఒక చెరువులో రొయ్యల పట్టుబడికి కూలికి వెళ్లాడండి. జడ్జిగారు అడిగినప్పుడు కూడా అదే చెప్పాడు. కానీ చెరువుకి అనుమతి లేదని యజమాని సాక్ష్యానికి రానన్నాడు. ‘ఆధారం ఏదీ చూపలేదు’ అని తీర్పులో రాశారు. ఇప్పుడు ఆ రోజు సరుకు కొన్నాయన పాత లెక్కల్లో కాటా చీటీ దొరికింది, వెనక కూలీల పేర్లలో తమ్ముడి పేరుంది. వల లాగిన బ్యాచ్‌లో ఒకబ్బాయి పాత ఫోన్లో వీడియో ఉంది, టైము 11.26 చూపిస్తోంది, అందులో తమ్ముడు ట్రే మోస్తూ కనిపిస్తాడు. టీ కొట్టాయన కూడా ‘పోలీసులు చెప్పమంటే చెప్పాను, నోటరీ చేసి ఇస్తా, కాస్త ఖర్చులు చూసుకోండి’ అంటున్నాడు. ఇంకొకడు తాగి ‘చేసింది నేనే’ అన్నాడని కూడా ఊళ్లో అనుకుంటున్నారు. ఇవన్నీ హైకోర్టు తీసుకుంటుందా? కేసు మళ్లీ మొదటి నుంచి నడుస్తుందా? జైల్లో వాడికి చెప్పాలా వద్దా? చెబితే లేనిపోని ఆశ పెట్టుకుంటాడని భయంగా ఉందండి.
– ఒక అక్క

సమాధానం:

అమ్మా, మిగతా సంగతులకు ముందు ఒక్క మాట. టీ కొట్టాయనకు రూపాయి కూడా ఇవ్వకండి. ఆటో చార్జీలని అడిగినా, నోటరీ ఫీజని అడిగినా ఇవ్వకండి. ఫోన్‌పేలో అసలే వద్దు. మీ దగ్గర పనికొచ్చేవి రెండున్నాయి, ఆ డబ్బు వాటిని కూడా ముంచేస్తుంది. రేపు పబ్లిక్ ప్రాసిక్యూటర్ అడిగే మొదటి ప్రశ్నే ‘ఎంత ఇచ్చారు?’ అని.

ఇక మీరు అడిగింది. అప్పీలు వింటున్న కోర్టుకు కొత్త సాక్ష్యం తీసుకునే అధికారం ఉంది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో అది 391వ సెక్షన్. అదనపు సాక్ష్యం అవసరమని కోర్టు అనుకుంటే, ఎందుకు అవసరమో కారణాలు రాసి, తనే తీసుకోవచ్చు. లేదంటే సెషన్స్ కోర్టునో మేజిస్ట్రేటునో నమోదు చేసి పంపమనవచ్చు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో ఇదే 432వ సెక్షన్ అయింది. మీ అప్పీలు అంతకు ముందే వేశారు కాబట్టి మీకు పాత కోడే వర్తిస్తుంది. ఇదే ఇబ్బందిలో ఉండి ఈ మధ్య అప్పీలు వేసినవాళ్లు కొత్త నంబరు చూసుకోవాలి.

అధికారం ఉందన్నాను గానీ, అడిగిన ప్రతివాళ్లకీ అది దొరకదు. సెక్షన్‌లో ‘అవసరం’ అన్న మాట తప్ప ఇంకో కొలత లేదు. ఆ అవసరం ఎంతుండాలో సుప్రీంకోర్టు 1965లో రాజేశ్వర్ ప్రసాద్ మిశ్రా కేసులో చెప్పింది. ఆ సాక్ష్యం లేకపోతే తీర్పే రాయలేమన్నంత అవసరం ఉండక్కర్లేదు, అది లేకపోతే న్యాయం తప్పిపోతుందనిపిస్తే చాలు. వినడానికి ఉదారంగా ఉంది కదా. కానీ 2024 జనవరిలో గుజరాత్ నుంచి వచ్చిన ఒక చెక్కు కేసులో అదే సుప్రీంకోర్టు ఇంకో వైపు నొక్కి చెప్పింది. కింది కోర్టులో శ్రద్ధగా ప్రయత్నించినా తేలేకపోయిన సాక్ష్యమైనా, తర్వాత బయటపడ్డ సంగతైనా అయితేనే ఈ తలుపు తెరుచుకుంటుందని అంది. చెక్కు మీద సంతకం తనది కాదన్న ఆ పెద్దమనిషి, విచారణ జరిగినన్నాళ్లు చేయించగలిగిన పరీక్ష చేయించుకోకుండా అప్పీల్లో అడిగాడు. కుదరదన్నారు.

అందుకని మీ వాళ్ల ముందుకు వచ్చే మొదటి ప్రశ్న ‘ఇది నిజమా?’ అని కాదు, ‘ఇన్నాళ్లూ ఎక్కడుంది?’ అని. ఇంగ్లండులో 1968 నాటి క్రిమినల్ అప్పీల్స్ చట్టం ఈ ప్రశ్నలన్నీ విడివిడిగా రాసి పెట్టింది. నమ్మదగినదిగా ఉందా, అప్పీలు గెలవడానికి ఆధారం అవుతుందా, సాక్ష్యంగా చెల్లుతుందా, కింది కోర్టులో ఎందుకు పెట్టలేదో సమంజసమైన కారణం ఉందా అని. మన చట్టంలో అలా రాసి లేకపోయినా జడ్జిగారి మనసులో తిరిగేవి దాదాపు ఇవే. నన్నడిగితే మన సెక్షన్‌లో కూడా రాసి ఉంటే బాగుండేది. మామూలు మనుషులకు దేనికి సిద్ధపడాలో తెలిసేది.

ఈ ప్రశ్నకు మీ జవాబు సగం బాగుంది, సగం బాగాలేదు. బాగాలేనిది ముందు చెబుతాను. చెరువు యజమాని రానన్నాడని ఊరుకోవడం కోర్టుకు నచ్చదు. రానన్నవాడికి సమన్లు వేయించవచ్చు, సమన్లకీ రాకపోతే వారెంటు ఉంది. ట్రయల్‌లో మీ వకీలు గారు డిఫెన్స్ సాక్షుల జాబితా ఇచ్చారా, సమన్లకు పిటిషన్ వేశారా, కనుక్కోండి. వేసి ఉంటే ఆ కాగితం మీకు చాలా విలువైనది. వేయకపోతే ఎందుకు వేయలేదో నిజం చెప్పాలి. అనుమతి లేని చెరువుల వాళ్లు ఆఫీసర్లన్నా కోర్టన్నా ఎంత దూరం పరిగెడతారో గోదావరి జిల్లాల్లో తెలియనివాళ్లు లేరు. అది ఒక కారణం, కానీ అదొక్కటే చాలదు. వీడియో సంగతి వేరు. అదొకటి ఉందని అప్పట్లో మీకు తెలియదు, తెలుసుకునే దారీ లేదు. ఎవరి ఫోన్, ఎప్పుడు బయటపడింది, మొదట చూసిందెవరు, మీదాకా ఎలా వచ్చింది అన్నది తేదీలతో ఆ అబ్బాయి చేత అఫిడవిట్‌గా రాయించాలి.

బాగున్న సగం తీర్పులోనే ఉంది. మీరు రాసిన ఆ వాక్యం, ‘ఆధారం ఏదీ చూపలేదు’ అన్నది, మిమ్మల్ని బాధపెట్టి ఉంటుంది గానీ నాకు అదే పట్టుకొమ్మలా కనిపిస్తోంది. శిక్ష పడ్డాక పుట్టించిన కథ అని మీ తమ్ముడి మాటను ఎవరూ కొట్టిపారేయలేరు. 313వ సెక్షన్ కింద జడ్జిగారు అడిగినప్పుడే ‘అవతల పట్టుబడిలో ఉన్నాను’ అని చెప్పాడు, అది రికార్డులో ఉంది. లేనిది ఆధారం ఒక్కటే. కొత్తగా ఏదైనా తెచ్చేటప్పుడు తీర్పులో ఏ వాక్యాన్ని అది పడగొడుతుందో వేలు పెట్టి చూపించగలగాలి. అలా చూపించలేని కొత్త సాక్ష్యాన్ని, ఎంత నిజమైనదైనా, కోర్టు పక్కన పెడుతుంది.

ఇప్పుడు కాటా చీటీ. మీరు దాని మీద పెట్టుకున్నంత నమ్మకం నేను పెట్టుకోను. పట్టుబడి రాత్రి మొదలై తెల్లారే వరకు సాగుతుంది. సరుకు ఐసు పెట్టి, కాటా వేసి, బండి ఎక్కించేసరికి తేదీ మారిపోతుంది. మీ చీటీ మీద 13 ఉందా, 14 ఉందా? 14 ఉంటే ‘ఇది మర్నాటి పట్టుబడి’ అంటారు. 13 ఉంటే ‘ఇది పొద్దున్నే అయిపోయిన పట్టుబడి, రాత్రికి ఊరొచ్చేశాడు’ అంటారు. టైము లేని చీటీకి ఈ రెండు చిక్కులూ తప్పవు. వెనక రాసిన కూలీల పేర్లు ఎవరి చేతిరాత, ఎప్పుడు రాసినవి అన్నది మూడోది. చీటీ ఒక్కటే తెస్తే చాలదు. సరుకు కొన్నాయన లెక్కల పుస్తకం మొత్తం కావాలి, ఆ పేజీకి ముందూ వెనకా వేరే రైతుల లెక్కలు వరసగా ఉన్నాయని కనబడాలి. బండి నంబరు, కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలో), కిలోలు, ఆ తర్వాత రైతు ఖాతాలో పడ్డ డబ్బు, ఇవన్నీ ఒకదాన్నొకటి బలపరచాలి. బ్యాంకు స్టేట్‌మెంటు అబద్ధం చెప్పదు, నాలుగేళ్ల తర్వాత కూడా దొరుకుతుంది. పుస్తకంలోంచి పేజీ మాత్రం చించుకు రాకండి.

వీడియో దగ్గర కాసేపు ఆగాలి, మీ కేసంతా దాని మీదే తిరుగుతుంది. టీ కొట్టాయన చెప్పిన టైము 11. వీడియోలో టైము 11.26. మీ ఊరికీ ఆ చెరువుకీ మధ్య వశిష్ఠ గోదావరి ఉంది. రాత్రి పంటు (రేవు దాటించే పడవ) ఆగిపోయాక బండి మీద రావాలంటే చించినాడ వంతెన చుట్టు తిరిగి రావాలి. 11 గంటలకు కాలువ గట్టు మీద కనబడ్డ మనిషి 26 నిమిషాల్లో నరసాపురం అవతల చెరువులో దిగి, అప్పటికే ట్రేలు మోస్తూ ఉండడం కుదరదు. ‘నాటు పడవ లేదా?’ అని అడుగుతారు, ఆ ప్రశ్న రాక మానదు. ఆ రోజు పంటు ఎన్ని గంటల వరకు నడిచింది, పంటు పాటదారుడి దగ్గర లెక్క ఏమన్నా ఉందా, సెప్టెంబరులో నదిలో నీరు ఎంత ఉద్ధృతంగా ఉంది, రేవు నుంచి చెరువు ఎంత దూరం అన్నవి ఇప్పుడే రాసిపెట్టుకోండి.

ఇక్కడ చాలామంది వకీళ్లు కూడా కలిపేసే రెండు సంగతులున్నాయి, విడదీసి చూడండి. నేరం జరిగినప్పుడు నిందితుడు అక్కడ లేడని నిరూపించే బాధ్యత నిందితుడిదే. అతను అక్కడ ఉండే అవకాశమే లేదన్నంత గట్టిగా నిరూపించాలని సుప్రీంకోర్టు చాలాసార్లు చెప్పింది. వీడియో దానికి ఒక్కోసారి సరిపోకపోవచ్చు. డాక్టరు గారు చనిపోయిన సమయం విస్తారంగా చెప్పి ఉంటే, ‘11.26కి అక్కడున్నాడు, ఒంటిగంటకు వచ్చి చంపాడు’ అని వాదించే చోటు మిగులుతుంది. కానీ ఆ వీడియో ఇంకో పని కూడా చేస్తుంది. 11 గంటలకు చూశానన్న సాక్షిని అది పడగొడుతుంది. కళ్లారా చూసినవాళ్లు లేని కేసులో ఒక్కో పరిస్థితినీ కలిపి గొలుసు పూర్తి చేయాల్సింది ప్రాసిక్యూషన్. 1984లో శరద్ బిర్ధిచంద్ సర్దా కేసులో సుప్రీంకోర్టు దీనికి అయిదు సూత్రాలు పెట్టి, పంచశీల అంది. ‘చివరిసారి కలిసి చూశారు’ అన్న లంకె తెగితే మీ కేసులో ఇంకేం మిగులుతుందో చూడండి. పాత తగువు, బహుశా ఒక కర్ర, దాని మీద వీఆర్వో సంతకం పెట్టిన పంచనామా. రాత్రంతా తమ్ముడు ఎక్కడున్నాడో నిమిషం నిమిషం చెప్పాల్సిన పని లేకుండానే అప్పీలు గెలిచే దారి ఇది. మీ హైకోర్టు వకీలు గారికి ఈ సంగతి తట్టకుండా ఉండదు, అయినా మీ వైపు నుంచి ఒకసారి అడగండి.

ఆ ఫోన్ విషయంలో జాగ్రత్తలు. వీడియోను వాట్సాప్‌లో ఎవరికీ పంపొద్దు. ఇప్పటికే పంపి ఉంటే పంపారు, ఇక ఆపేయండి. వాట్సాప్‌లో వెళ్లిన వీడియో నాణ్యత తగ్గిపోతుంది, తీసిన తేదీ, టైము లాంటి లోపలి వివరాలు పోతాయి. అసలు ఫైలు అసలు ఫోన్లోనే ఉండాలి. ఫోన్‌ను రీసెట్ చేయడం, రిపేరు షాపుకు ఇవ్వడం, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయడం ఏవీ వద్దు. ఆ అబ్బాయికి గూగుల్ ఫోటోస్‌లో బ్యాకప్ ఉంటే అదృష్టమే, దాన్ని తొలగించకుండా ఉంచమనండి. ఎలక్ట్రానిక్ రికార్డు కోర్టులో చెల్లాలంటే పాత సాక్ష్యాధారాల చట్టం 65బి కింద సర్టిఫికెట్ కావాలి, కొత్త చట్టంలో అది 63వ సెక్షన్. 2020లో అర్జున్ పండిత్‌రావు కేసులో సుప్రీంకోర్టు ఇది తప్పనిసరి అని తేల్చింది. అసలు ఫోన్‌నే దాని సొంతదారు వచ్చి కోర్టులో చూపించి సాక్ష్యం చెబితే సర్టిఫికెట్ అక్కర్లేదని కూడా ఆ తీర్పులోనే ఉంది. నా సలహా, రెండూ చేయండి. ఫోన్లో గడియారం మార్చి వీడియో తీశారని ప్రాసిక్యూటర్ అనక మానరు. అందుకని దాన్ని ఫోరెన్సిక్ ల్యాబుకు పంపమని మీరే కోర్టును అడగాలి. మీరే అడిగితే దాచేదేమీ లేదని తెలుస్తుంది.

ఫోన్ టవర్ గురించి మీరు అడగలేదు గానీ మీ వైపు ఎవరో ఒకరు ‘టవర్ లొకేషన్ తీయిస్తే అయిపోతుంది’ అనే ఉంటారు. తొందరపడకండి. కంపెనీలు కాల్ రికార్డులు ఉంచాల్సిన గడువు ఎప్పుడో దాటిపోయింది. దర్యాప్తు అధికారి అప్పట్లోనే తెప్పించి చార్జిషీటులో పెట్టకుండా వదిలేసి ఉండొచ్చు. 2022లో మనోజ్ కేసులో సుప్రీంకోర్టు, ప్రాసిక్యూషన్ తాను ఆధారపడని పత్రాల జాబితా కూడా నిందితుడికి ఇవ్వాలని చెప్పింది. దాన్ని పట్టుకుని అడగవచ్చు. అయితే ఇంకో చిక్కు. నది ఒడ్డున ఉన్న ఫోన్ అవతలి ఒడ్డు టవర్‌ను పట్టుకోవడం మన దగ్గర మామూలే, మధ్యలో అడ్డేముంది, నీళ్లే. అది మీకు అనుకూలంగా ఉన్నా ప్రాసిక్యూటర్ ఈ మాటే అంటారు, వ్యతిరేకంగా ఉంటే మీరు ఈ మాటే అనాలి.

టీ కొట్టాయన అఫిడవిట్ మీద ఆశ పెట్టుకోకండి. ప్రమాణం చేసి, క్రాస్ ఎగ్జామినేషన్‌లో నిలబడి చెప్పిన మాటను తర్వాత నోటరీ కాగితంతో తుడిచేయడానికి కోర్టులు ఒప్పుకోవు. సాక్షులను కొనడం, బెదిరించడం ఎంత తేలికో జడ్జీలకు తెలుసు కాబట్టే ఆ అనుమానం. పైగా ఆయన ఇప్పుడు నిజం చెబుతున్నానంటే అప్పుడు అబద్ధం చెప్పానని ఒప్పుకున్నట్టే. జీవిత ఖైదు పడేలా అబద్ధపు సాక్ష్యం చెప్పడం చిన్న నేరం కాదు. గుజరాత్ అల్లర్ల నాటి బెస్ట్ బేకరీ హత్యల కేసులో మాటలు మార్చిన ముఖ్య సాక్షికి సుప్రీంకోర్టు 2006లో ఏడాది జైలు శిక్ష వేసింది. ఈ సంగతి ఆయనకు తెలిస్తే నోటరీ దాకా వస్తాడో రాడో. ఆయనంతట ఆయన వకీలును పెట్టుకుని, తన ఖర్చుతో, కోర్టుకే వచ్చి చెప్పుకుంటే చెప్పుకోనివ్వండి. మీ ఇంటివాళ్లెవరూ ఆయన కొట్టు దగ్గరికి వెళ్లొద్దు, ఫోన్ చేయొద్దు. వీడియో నిలబడితే ఆయన మాట ఎలాగూ నిలబడదు.

తాగి ‘నేనే చేశాను’ అన్నాడన్న మనిషి సంగతి వకీలు గారి చెవిన వేసి వదిలేయండి. ఎవరు విన్నారు, ఎప్పుడు విన్నారు అన్నది తేలితే వాళ్లు చూసుకుంటారు. ఊళ్లో దాన్ని పట్టుకుని తిరిగితే ఇంకో తగువు, ఇంకో కేసు.

కొత్తది వెతకడంలో పడి పాత కాగితాలు మరిచిపోకండి. అసలైన కొత్త సాక్ష్యం చాలాసార్లు పాత ఫైల్లోనే ఉంటుంది. ఇంగ్లండులో శాలీ క్లార్క్ అనే ఆవిడకు తన ఇద్దరు పసిబిడ్డలనూ చంపిందని 1999లో జీవిత ఖైదు వేశారు. మొదటి అప్పీలు ఓడిపోయింది. ఆ తర్వాత రెండో బిడ్డ నుంచి తీసిన శాంపిళ్లలో ప్రమాదకరమైన బాక్టీరియా ఉన్నట్టు చూపే ల్యాబు రిపోర్టులు బయటపడ్డాయి. అవి పోస్టుమార్టం చేసిన డాక్టరుకు మొదటి నుంచీ తెలుసు, కోర్టుకు గానీ ఆవిడ వకీళ్లకు గానీ చెప్పలేదు. 2003 జనవరిలో శిక్ష రద్దయింది. మీరూ ఎఫ్ఐఆర్, ఇన్‌క్వెస్ట్ రిపోర్టు, పోస్టుమార్టం, సాక్షుల వాంగ్మూలాలు, పంచనామాలు అన్నిటి కాపీలూ తీసుకుని కూర్చోండి. టీ కొట్టాయన పోలీసులకు మొదటిసారి ఎప్పుడు చెప్పాడు? హత్య జరిగిన మర్నాడా, పది రోజుల తర్వాతా? అప్పుడూ 11 అనే చెప్పాడా, ‘రాత్రి’ అని ఊరుకున్నాడా? ఆ గట్టు మీద దీపం ఉందా? విజయవాడ ఆయేషా మీరా కేసులో 2010లో శిక్ష పడిన యువకుడిని 2017లో హైకోర్టు నిర్దోషి అని వదిలేసింది. కొత్త సాక్ష్యం దొరికి కాదు, ఉన్న సాక్ష్యం నిలబడక.

కోర్టులో ఏం జరుగుతుందో చెబుతాను. అప్పీలుతో పాటు అదనపు సాక్ష్యం కోసం వేరే పిటిషన్ వేస్తారు. చాలాసార్లు దాన్ని అప్పీలు తుది విచారణతో కలిపే వింటారు, కాబట్టి వెంటనే తేలిపోతుందనుకోవద్దు. అయినా ఆలస్యం చేయకుండా వేయాలి, దొరికాక కూడా ఎందుకు ఊరుకున్నారన్న ప్రశ్న ఒకటి పోగేసుకోకూడదు. ఒప్పుకుంటే ఆ అబ్బాయినీ, సరుకు కొన్నాయననీ సెషన్స్ కోర్టుకే పిలిచి వాంగ్మూలం తీసుకుని హైకోర్టుకు పంపమనవచ్చు. అప్పుడు ప్రాసిక్యూటర్ వాళ్లను క్రాస్ చేస్తారు, మీ తమ్ముడికీ అతని వకీలుకూ అక్కడ ఉండే హక్కుంది. కేసంతా మొదటి నుంచి నడవడం అరుదు. హైకోర్టు శిక్ష రద్దు చేయవచ్చు, నేరం స్థాయి తగ్గించవచ్చు, మరీ అవసరమైతే పునర్విచారణకు పంపవచ్చు. బెస్ట్ బేకరీలో అదే జరిగింది. అక్కడ నిందితులంతా నిర్దోషులుగా బయటపడ్డాక, 2004లో సుప్రీంకోర్టు కేసును మహారాష్ట్రకు మార్చి మళ్లీ విచారించమంది. అంటే ఈ 391వ సెక్షన్ మీకెంత పనికొస్తుందో అవతలివాళ్లకూ అంతే పనికొస్తుంది. మీరు తెచ్చినదాన్ని ఖండించడానికి వాళ్లకూ అవకాశం ఇస్తారు. అందుకే ఒక ప్రమాదం ముందే చెప్పాలి: తప్పుడు అలిబీ (ఆ సమయంలో వేరే చోట ఉన్నానన్న వాదన) అని తేలితే అది నిందితుడికి వ్యతిరేకంగా ఇంకో లంకెగా లెక్కేస్తారు. ఆ వీడియోలో ఉన్నది తమ్ముడేనని మీకు ఏ కొంచెం అనుమానం ఉన్నా ఇప్పుడే ఆగండి.

ఈలోగా బెయిల్ సంగతి. అప్పీలు పెండింగులో ఉండగా శిక్షను నిలిపి బెయిల్ ఇమ్మని అడగవచ్చు, 389వ సెక్షన్ కింద. జీవిత ఖైదుకు తేలిగ్గా ఇవ్వరు. వీడియోను ల్యాబు సరైనదేనని తేలిస్తే అది అడగడానికి గట్టి కారణమవుతుంది. అదీ కాకపోతే, 2016లో ఉమ్మడి హైకోర్టు బచ్చు రంగారావు కేసులో, జీవిత ఖైదు పడ్డాక కనీసం 5 ఏళ్లు జైల్లో గడిపినా అప్పీలు తేలనివాళ్లు కొన్ని షరతులకు, మినహాయింపులకు లోబడి బెయిల్ అడగవచ్చంది. మీకు ఆ గడువు ఇంకా రాలేదు.

అప్పీలు పెండింగులో ఉండగానే ఇవి దొరకడం మీ అదృష్టం అని ఊరికే అనడం లేదు. హైకోర్టు అప్పీలు కొట్టేశాక సుప్రీంకోర్టుకు స్పెషల్ లీవ్ పిటిషన్, ఆ తర్వాత రివ్యూ, క్యూరేటివ్, చివరికి క్షమాభిక్ష. ఒక్కో మెట్టుకూ దారి ఇరుకవుతుంది. ఇంగ్లండులో లాగా ముగిసిపోయిన కేసులను తిరగేసి కోర్టుకు పంపే కమిషన్ మనకు లేదు. వయసు ఒక్కటే మినహాయింపు. నేరం నాటికి పద్దెనిమిదేళ్లు నిండలేదన్న వాదనను బాలల న్యాయ చట్టం ప్రకారం ఏ కోర్టులోనైనా, కేసు పూర్తిగా ముగిశాక కూడా లేవనెత్తవచ్చు. 1994 నాటి పుణె హత్యల కేసులో ఉరిశిక్ష పడిన నారాయణ్ చౌధరి అనే అతను నేరం జరిగినప్పుడు పన్నెండేళ్ల పిల్లాడని, రాజస్థాన్‌లోని బడి రిజిస్టరు చూసి సుప్రీంకోర్టు 2023 మార్చిలో ఒప్పుకుంది. అప్పటికి అతను జైల్లో 28 ఏళ్లు గడిపాడు. అంతా బడి రిజిస్టరులో ఒక్క వరుస వల్ల.

డబ్బు దగ్గర ఇబ్బందైతే మొహమాటపడకండి. జైల్లో ఉన్నవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు 1987 నాటి చట్టంలోనే ఉంది. 15100కి ఫోన్ చేయవచ్చు, అమలాపురం కోర్టు ఆవరణలో మండల న్యాయ సేవల కమిటీని అడగవచ్చు, జైల్లోంచి సూపరింటెండెంటు ద్వారా తమ్ముడే అర్జీ పెట్టుకోవచ్చు. ఇప్పుడున్న వకీలు గారు బాగానే చూస్తున్నారనుకుంటే మార్చకండి. పట్టించుకోవడం లేదనిపిస్తే నో అబ్జెక్షన్ తీసుకుని మార్చుకోవడంలో తప్పులేదు.

తమ్ముడికి చెప్పాలా అన్నారు. చెప్పాలి, అతని కేసు అది. పైగా ఆ పిటిషన్ వేయాల్సింది అతని పేరు మీదే. కానీ ములాఖత్‌కు మీరు వెళ్లి ‘వీడియో దొరికిందిరా, 11.26 అని ఉంది, చీటీలో నీ పేరుంది’ అని మొదలుపెట్టకండి. ముందు వకీలు గారిని వెళ్లనివ్వండి. ఆ రాత్రి ఎవరితో వెళ్లావు, పంటు ఎక్కావా బండి మీద వెళ్లావా, వల ఎన్నింటికి వేశారు, పక్కన ఎవరెవరు ట్రేలు మోశారు, ఎవరైనా ఫోన్లో తీశారా, కూలి ఎంత ఇచ్చారు, ఎవరి చేతి మీదుగా ఇచ్చారు అని ఆయన అడగాలి, తమ్ముడు గుర్తున్నంత వరకు తన మాటల్లో చెప్పాలి. ఆ మాటలు ఆయన రాసుకున్నాకే చీటీ గురించీ వీడియో గురించీ చెప్పాలి. అతను చెప్పింది వీడియోతో కలిస్తే, రేపు సెషన్స్ కోర్టులో ఆ అబ్బాయిని క్రాస్ చేసేటప్పుడు మీ వకీలు గారు కంగారు పడక్కర్లేదు. కలవకపోతే, కోర్టుకు వెళ్లకముందే మీకు తెలుస్తుంది.